నూట పదిహేడో నంబరు కన్నీళ్లు

బెంగాల్లోని ఆ రైల్వే ఊళ్లో, ఖరిదా బజారులో కన్యక దుకాణానికి బోర్డు లేదు. ఉన్న బోర్డు మూడేళ్ల కిందట గాలివానకు ఊడిపోతే మళ్లీ పెట్టించలేదు. జాకెట్టు లైనింగులు, చీర ఫాల్సులు, దారపు ఉండలు అమ్మే ఆ తొమ్మిదడుగుల గదిని తెలుగువాళ్లూ బెంగాలీలూ కూడా మ్యాచింగ్ దుకాణం అంటారు. చీర తెచ్చి ఆమె చేతికిస్తే చాలు. ట్యూబులైటు కింద ఆమె రంగు చూడదు. చెంగు పట్టుకొని గడప దాకా వచ్చి, ఎండకు వీపు పెట్టి, తన నీడలో గుడ్డ మీద దారం అడ్డంగా వేసి చూస్తుంది. పద్నాలుగో ఏట తండ్రి పక్కన కూర్చున్న నాటినుంచి అదే పద్ధతి. యాభై రెండేళ్లు వచ్చేదాకా ఆమె ఇచ్చిన దారం వెనక్కి రాలేదు.

తండ్రి సోంపేట వైపునుంచి వచ్చినవాడు. భుజాన లుంగీల మూట వేసుకొని రైల్వే క్వార్టర్ల వెంబడి తిరిగి, చివరికి ఈ గది సంపాదించాడు. కూతుర్ని రైల్వే మనిషికి ఇవ్వాలని ఆయనకు ఆశ ఉండేది. జీతం కోసం కాదు, మెడికల్ కార్డు కోసం. ఆ ఆశ తీరలేదు. కన్యక పెళ్లి బ్రహ్మానందంతో జరిగింది. అతనిదీ దుకాణాల కుటుంబమే. నెమ్మదైన మనిషి. భార్య పది మాటలంటే ఒక మాట అంటాడు, అదీ బాగా ఆలోచించుకొని.

ఆ ఊరి తెలుగువాళ్లలో కార్డు ఉన్నవాళ్లు వేరు, లేనివాళ్లు వేరు. కార్డు ఉన్నవాళ్లకు జ్వరమొస్తే రైల్వే ఆసుపత్రి, పెద్ద జబ్బయితే కలకత్తాలో రైల్వే పెద్దాసుపత్రి ఉన్న గార్డెన్ రీచ్‌కు రిఫర్. పరీక్షలో తేడా కనిపిస్తే వాళ్లే కబురు చేస్తారు. కబురు రాలేదంటే ఏమీ లేదన్నమాటే. కార్డు లేనివాళ్లు ఎవరి జబ్బు వాళ్లే కనిపెట్టుకోవాలి, ఎవరి డాక్టరును వాళ్లే వెతుక్కోవాలి. పక్కింటి గౌరి భర్త రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. గౌరి తన మోకాళ్ల గురించి చెప్పినా, భర్త పళ్ల గురించి చెప్పినా ఆ మాట ఎక్కడో ఒకచోట కార్డు దగ్గరికి వచ్చి ఆగేది. కన్యక వినేది. తొమ్మిదేళ్లుగా తనకు షుగరు. ఏడాదికోసారి మేదినీపూర్ వెళ్లి కంటి డాక్టరుకు చూపించుకొని రమ్మని షుగరు డాక్టరు మొదట్లోనే చెప్పాడు. బస్సెక్కి, వరుసలో కూర్చొని, కంట్లో చుక్కలు వేయించుకొని, మసక చూపుతో సాయంత్రం ఇల్లు చేరేది. ఆ రోజంతా దుకాణం మూతే. అయినా మానలేదు.

రెండేళ్ల కిందట న్యూ సెటిల్‌మెంట్‌ అనే రైల్వే కాలనీలో తెలుగువాళ్ల గుడి పక్కనున్న హాల్లో క్యాంపు పెట్టారు. కలకత్తాలోని ఏదో పరిశోధన సంస్థ. షుగరు ఉన్నవాళ్ల కన్నీళ్లు తీసుకొని, అందులో ఉండే కొన్ని పదార్థాలను బట్టి కన్ను చెడబోతుందో లేదో ముందే చెప్పవచ్చా అని చూస్తారట. వాళ్ల తరఫున ప్రియదర్శిని అనే పిల్ల దుకాణం దుకాణానికీ తిరిగింది. ఖమ్మం పిల్ల, ఇరవై ఏడేళ్లుంటాయి, చదువుకొని ఈ పనిలో చేరింది. ఆమె తెలుగు విని బజారులో ఆడవాళ్లు నవ్వుకున్నారు. వీళ్ల తెలుగు విని ఆమె కూడా నవ్వింది. మన పిల్లే అన్నారు అందరూ. నలభై మంది పేర్లు ఇచ్చారు.

మొదటి రోజు ఓ మిషను ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టి కంటి లోపల ఫొటో తీశారు. తరవాత అంగుళన్నర పొడుగున్న సన్నటి కాగితం ముక్క చివర మడిచి కింది రెప్పలోపల పెట్టారు. అయిదు నిమిషాలు కళ్లు మూసుకోమన్నారు. ఏడవక్కర్లేదు, కాగితం ఒరుసుకొని నీరు దానంతటదే వస్తుంది. తడిసిన కాగితాన్ని చిన్న సీసాలో వేసి, మంచు పెట్టెలో పెట్టుకున్నారు. ఆఖరున ప్రతివాళ్ల మెడలోకీ ఒక కార్డు వచ్చింది. ప్లాస్టిక్ పూత, ఫొటో, నీలం రంగులో కన్ను బొమ్మ, కింద నూట ఒకటినుంచి మొదలయ్యే నంబరు. కన్యకది నూట పదిహేడు.

ఆమె దాన్ని ఇంటికి తెచ్చి గౌరికి చూపించింది.

"మాకూ ఒచ్చింది వొదినా, కార్డు," అంది.

గౌరి అటూ ఇటూ తిప్పి చూసింది. స్టాంపు లేదేంటని అడిగింది. ఫొటో ఉంది గదా అంది కన్యక. ఆ పూటనుంచి గౌరి మోకాళ్ల సంగతి ఎత్తడం కొంచెం తగ్గించింది.

ఆరునెలలకోసారి పిలుపు వచ్చేది. కన్యక ఒక్కసారి కూడా తప్పలేదు. నాలుగుసార్లు కాగితం పెట్టించుకుంది. నాలుగుసార్లూ తరవాత కబురేమీ రాలేదు. రైల్వే వాళ్లకు కబురు రాకపోతే ఎలా అర్థం చేసుకుంటారో ఆమె అలాగే అర్థం చేసుకుంది. రెండో విడత అయ్యాకే మేదినీపూర్ బస్సు మానేసింది. కళ్లు చూపించుకుంటున్నావా అని షుగరు డాక్టరు బెంగాలీలో అడిగితే, హ్యాఁ, కార్డు ఉందని చెప్పింది. ఆమె వెనక వరసలో ఇంకా ముప్పై మంది ఉన్నారు. డాక్టరు తల ఊపాడు.

మొన్న ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం ఎడమ కంటి ముందు నల్ల దారం ఒకటి వేలాడింది. గడప దగ్గర గుడ్డ చూస్తోంది అప్పుడు. దుకాణంలో దారాలకేం తక్కువ, ముఖం మీద పడిందనుకొని చేత్తో తీసేసింది. అది పోలేదు. చెయ్యి ఎటు తీస్తే అటు ఊగింది. మర్నాటికి ఆ దారం సాలెగూడయింది. మూడో రోజుకు ఎడమ కన్ను తెరిస్తే ఎర్రటి మసక తప్ప ఏమీ లేదు.

మేదినీపూర్‌లో డాక్టరమ్మ రెండు కళ్లలోకీ చాలాసేపు చూసింది. ఎడమ కంట్లో లోపల నెత్తురు కారిందని, కుడి కంట్లోనూ పిచ్చి నరాలు మొలిచాయని, ఆ కన్నయినా దక్కాలంటే వచ్చే బుధవారానికల్లా లేజరు మొదలుపెట్టాలని చెప్పింది. ఇది నిన్నమొన్నటిది కాదు దీదీ, ఏడాదిన్నరగా ఎక్కడా ఎందుకు చూపించుకోలేదని అడిగింది. కన్యక సంచిలోంచి కార్డు తీసి బల్లమీద పెట్టింది. డాక్టరమ్మ వెనక్కి తిప్పి, వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ఇంగ్లీషు చదివింది. తరవాత బ్రహ్మానందం వైపు తిరిగి మెల్లగా చెప్పింది. ఇది వైద్యం కార్డు కాదు. పరిశోధనలో ఈమె ఎన్నో మనిషో చెప్పే కార్డు. వాళ్లు ఈమె కన్నీళ్లు చూశారు. కన్ను ఎవరూ చూడలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో బ్రహ్మానందం ఒకే ఒక మాట అన్నాడు.

"నానైనా సదవాల్సింది."

"మీకు ఇంగ్లీషొచ్చా?" అంది కన్యక. కంసావతి వంతెన మీద బస్సు ఆగిపోయినంతసేపూ ఆమె కుడి కన్ను చేత్తో మూసి, ఎడమ కంటితో నది వైపు చూసింది. ఎర్రగా తప్ప ఏమీ కనపడలేదు. చెయ్యి తీసింది, మళ్లీ మూసింది. అప్పటిదాకా భయమే ఉంది ఆమెకు. వంతెన దాటేసరికి ఆ భయం ఎటుపోయిందో, దాని చోట కోపం వచ్చి కూర్చుంది.

అయిదో విడత కాగితం కోసం ప్రియదర్శిని శనివారం దుకాణానికి వచ్చింది. రేపు గుడి హాల్లో ఆఖరి క్యాంపు, కంటి ఫొటో కూడా తీస్తామని, తప్పకుండా రావాలని చెప్పడానికి. గడపలో ఉండగానే నవ్వుతూ ఆంటీ బాగున్నారా అంది. కన్యక స్టూలు చూపించింది. ఆ పిల్ల కూర్చున్నాక తాను లేచి నిలబడింది.

"నా కన్నీళ్లలో ఏటుంది?" అంది.

ప్రియదర్శినికి ఇంకా సంగతి తెలియదు. చెప్పడం మొదలుపెట్టింది. కంటి లోపల వాపు, కొత్త నరాలు పుట్టే ముందు కొన్ని ప్రోటీన్లు కన్నీళ్లలో పెరుగుతాయని అనుకుంటున్నారని, అది నిజమో కాదో తేల్చడానికే ఈ పని అని. తేలితే రేపటినుంచి పెద్ద మిషన్లు లేని ఊళ్లో కూడా కాగితం ముక్కతో ముందే చెప్పేయవచ్చని. ఈ సంగతి చెప్పడమంటే ఆ పిల్లకు ఇష్టం. ముఖం వెలిగింది.

"అది కాదు. నాదాన్లో ఏటుంది? నూట పదిహేడు."

పేర్లు విడిగా తాళం వేసి ఉంటాయని, నంబర్లే తమకు కనిపిస్తాయని, ఒక్కొక్కళ్ల ఫలితం చెప్పకూడదని ముందు కాగితంలోనే రాసి ఉందని ప్రియదర్శిని అంది. అప్పుడు కన్యక ఎడమ కన్ను సంగతి చెప్పింది. గొంతు పెంచలేదు. ఏ రోజు దారం కనపడిందో, ఏ రోజు ఎర్రబడిందో, డాక్టరమ్మ ఏమందో, బుధవారం ఏం చేయబోతున్నారో, దుకాణం సరుకు లెక్క చెప్పినట్టు వరసగా చెప్పింది. ప్రియదర్శిని ఒళ్లో ఫైలు మూసేసింది.

"సూసినావా, నేదా?"

ఆ పిల్ల చూశానంది. మూడో విడతలో ఆ నంబరు ప్రోటీన్ల గీత కొంచెం లేచింది. నాలుగో విడతలో బాగా లేచింది. నలభైలో అంత పైకి పోయిన గీత అదొక్కటే. కాని ఆ లేవడానికి అర్థమేమిటో ఇంకా ఎవరికీ తెలియదు. ఫొటోతో పోల్చి చూస్తేగాని తేలదు. రెండో ఫొటో ఆఖరి రోజునే తీయాలని పద్ధతి.

"అంటే ఎవుల కన్ను పోద్దో సూద్దారనీసి రెండేళ్లు కాసుకొని కూసున్నారు."

"అట్లా కాదాంటీ."

"మరెలగ?"

ప్రియదర్శిని ఒళ్లో ఫైలు మళ్లీ తెరిచింది. మూడో పేజీలో ఒక వాక్యముంది, మీరు మామూలుగా చేయించుకునే కంటి పరీక్షలు మానవద్దని, అది నేను చదివాను అంది చివరికి. కన్యకకు ఆ రోజు గుర్తుంది. గుడిలో ప్రసాదం పంచుతున్నారు, హాల్లో నలభై మంది, ఈ పిల్ల చేతిలో ఎనిమిది పేజీలు. పావుగంటలో అయిపోయింది. అందరూ వేలిముద్రో సంతకమో పెట్టేశారు. మన పిల్ల అడిగిందని.

"నా నంబరు సెప్పకూడదు. సరే, నీ రూలు నీది," అంది కన్యక. "అందరికీ కలిపి ఒక్క మాట సెప్పకూడదని కూడా ఉందా? అమ్మా, ఇది వైద్యం కాదు, మీ డాక్టరు కాడికి మీరు ఎల్తన్నారా అని? వొచ్చిన పెతీసారీ అడిగుంటే నీ రూలు ఇరిగిపోద్దా?"

"లేదాంటీ," అంది ప్రియదర్శిని. "అడగొచ్చు. నేను అడగలేదు."

కన్యక ఎదురుచూసింది. ఆ పిల్ల ఇంకేమైనా అంటే తిరిగి అనడానికి చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆమె ఏమీ అనలేదు. ఏడుస్తుందేమో అనుకుంది, ఏడవనూ లేదు. అది కన్యకకు ఇంకా కోపం తెప్పించింది. పొమ్మంది. రేపు హాలుకు వస్తానని, కాగితం పెట్టించుకోడానికి మాత్రం కాదని చెప్పి పంపింది.

ఆదివారం నల్లద్దాలు పెట్టుకొని, బ్రహ్మానందం మోచెయ్యి పట్టుకొని వెళ్లింది. హాల్లో బెంచీల మీద మెడల్లో కార్డులతో జనం కూర్చొని ఉన్నారు. అప్పడాలమ్మే నూకాలమ్మ మొదటి వరసలో ఉంది. కలకత్తానుంచి వచ్చిన పెద్ద సారు ఒకాయన లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. బల్ల దగ్గర ప్రియదర్శిని కాగితాల పొట్లాలు సర్దుతోంది. కన్యక తిన్నగా వెళ్లి ఆ బల్లకూ బెంచీలకూ మధ్య నిలబడింది. ఈ పిల్ల మీకొక మాట చెబుతుంది, అది విన్నాకే ఎవరి కంట్లోనైనా కాగితం అంది.

పెద్ద సారు హిందీలో ఏమిటి గొడవని అడిగాడు. ప్రియదర్శిని చెప్పింది. ఆయనకు కోపం రాలేదు, అదే చిత్రం. ఎంతో మర్యాదగా, ఇప్పుడు మధ్యలో ఏమైనా చెబితే జనం భయపడతారని, పని పాడవుతుందని, ముందు ఈ రోజు నమూనాలు అయిపోనిచ్చి తరవాత అందరికీ ఉత్తరాలు పంపుదామని అన్నాడు. బెంచీల వాళ్లకు హిందీ వచ్చన్న సంగతి ఆయనకు తట్టలేదు. రైల్వే ఊరది. అక్కడ పుట్టిన పిల్లికి కూడా నాలుగు భాషలు వస్తాయి.

"ఉత్తరం ఎందుకు దాదా, ఎదురుగానే ఉన్నాం గదా," అంది నూకాలమ్మ హిందీలోనే.

ప్రియదర్శిని పొట్లాలు పక్కన పెట్టింది. సారు వైపు చూడకుండా చెప్పింది. ఇది వైద్యం కాదు. మీ కన్నీళ్లు మేము తీసుకున్నాం గాని మీ కళ్లు రెండేళ్లుగా మేము చూడలేదు. మావైపు నుంచి కబురు రాలేదంటే కన్ను బాగుందని కాదు. మీలో ఎవరైనా ఈ రెండేళ్లలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లకపోతే వెంటనే వెళ్లండి. ఇది నేను మొదటిరోజే గట్టిగా చెప్పాల్సింది.

వెనక బెంచీలో ఒకాయన, నాకు ముందే తెలుసని అన్నాడు. మరి నువ్వెందుకు సెప్పలేదురా అని పక్కాయన అడిగాడు. నూకాలమ్మ మెడలో కార్డు తీసి చేతిలో పట్టుకొని చూస్తూ అడిగింది.

"మరి నాను రెండేళ్లుగా ఏటి సూపించుకున్నట్టు?"

"ఏటీ సూపించుకోలేదు," అంది కన్యక. "ఇచ్చినావు. అంతే."

బెంచీల మీదున్నవాళ్లలో పదహారు మంది ఏడాదిపైగా డాక్టరును చూడలేదని తేలింది. పేర్లు బ్రహ్మానందం రాసుకున్నాడు. అతనికి అప్పగించిన పనేమీ కాదు, జేబులో పెన్ను ఉంది, రాశాడు. మర్నాటినుంచి మూడు జట్లుగా వాళ్లు మేదినీపూర్ బస్సెక్కారు. అందులో ముగ్గురికి లేజరు రాశారు. నూకాలమ్మకు ఏమీ లేదు. ఏమీ లేదని డాక్టరమ్మ నోటితో చెప్పించుకొనే దాకా కుర్చీలోంచి లేవలేదట.

బుధవారం కన్యక కుడి కంటికి లేజరు మొదలైంది. గడ్డం ఆనించి, నుదురు పట్టీకి ఆనించి, కదలకుండా చూడమన్నారు. పచ్చటి వెలుగు మెరిసిన ప్రతిసారీ కంటి వెనక సూది పొడిచినట్టుంది. డాక్టరమ్మ లెక్కపెడుతోంది. కన్యక పళ్లు బిగించి కూర్చుంది. పక్కన నర్సు, ఏడుపొస్తే ఏడవండి దీదీ, మధ్యలో ఆపుతాం అంది. కన్యక అక్కర్లేదంది. ఇలాంటి పూటలు మూడయ్యాయి. కుడి కన్ను నిలబడింది. పక్క చూపు కొంత తగ్గింది, చీకట్లో మెట్లు తడుముకోవాలి, ఎదురు చూపు మాత్రం ఉంది. ఎడమ కంటికి సూదిమందు వేస్తున్నారు. నెత్తురు పలచబడింది. దానితో మనుషులు కనిపిస్తారు, ముఖాలు కనిపించవు. ఇక ఇంతేనేమోనని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

దుకాణంలో ఇప్పుడు బ్రహ్మానందం కూడా కూర్చుంటున్నాడు. ఆరు రకాల నీలాన్నీ అతను నీలమే అంటాడు. రెండు వారాల్లో నాలుగు దారాలు వెనక్కి వచ్చాయి. మీ కళ్లు బాగానే ఉన్నాయి గదండీ అంటుంది కన్యక. అతను నవ్వుతాడు. ఆమె నవ్వదు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం ప్రియదర్శిని మళ్లీ వచ్చింది. గౌరి కూడా అప్పుడు దుకాణంలోనే ఉంది, ఫాల్ కొనడానికి వచ్చి. ఆ పిల్ల చిక్కిపోయింది. తన మీద సంస్థలో ఏవో విచారణలు జరిగాయని, కొత్త క్యాంపుల్లో మొదట ఆ నాలుగు మాటలూ నాలుగు భాషల్లో చెప్పాలని ఇప్పుడు పెట్టారని చెప్పింది. అది చెప్పడానికి రాలేదని కూడా ఒప్పుకుంది. సంచిలోంచి రెండు కాగితాలు తీసి, ఈసారి రెండూ తెలుగులో, గల్లా మీద పక్కపక్కన పెట్టింది.

మొదటిది పరిశోధనలోంచి తప్పుకుంటున్నానని. దాని మీద సంతకం పెడితే కన్యక ఇచ్చిన నాలుగు కాగితాలూ, వాటి లెక్కలూ తీసేస్తారు. రెండోది ఉంటానని, మేదినీపూర్ ఆసుపత్రిలో తీసిన ఫొటోలు వాళ్లకు చూపించడానికి ఒప్పుకుంటానని. ప్రియదర్శిని రెండోదాన్ని ముందుకు జరపలేదు. రెండూ ఒకే దూరంలో ఉంచింది. కాని అసలు సంగతి దాచలేదు. నలభైమందిలో నూట పదిహేడు గీత ఒక్కటే అంత స్పష్టంగా లేచింది. కన్నీళ్లు ముందే చెప్పాయని రుజువు చేయగలిగేది అదే. అది తీసేస్తే మిగిలినదాంతో గట్టిగా ఏమీ చెప్పలేరు. మళ్లీ ఎక్కడో మొదటినుంచి రెండేళ్లు పడుతుంది.

"దాని కన్ను పోయినందుకే మీకు ఆ గీత అంత ముద్దొచ్చింది, అవునా పిల్లా," అంది గౌరి.

ప్రియదర్శిని అవునంది.

కన్యక రెండు కాగితాలూ తీసుకుంది. గడప దాకా వెళ్లలేదు. కూర్చున్నచోటే కుడి కంటికి దగ్గరగా పెట్టుకొని మొదటి అక్షరంనుంచి ఆఖరు అక్షరందాకా రెండూ చదివింది. చాలాసేపు పట్టింది. ఈలోగా ఇద్దరు వచ్చి నిలబడ్డారు, బ్రహ్మానందం వాళ్లను కూర్చోబెట్టాడు. ఆమె ముఖంలో జాలి గాని మెత్తదనం గాని ఏమైనా కనిపిస్తుందేమోనని ఆ పిల్ల చూస్తూనే ఉంది. చదవడం అయ్యాక కన్యక దేనిమీదా సంతకం పెట్టకుండా రెండు కాగితాలనూ మడిచి ఒకే కవర్లో పెట్టింది. ఆ కన్నీళ్లు ఎందరికి పనికొస్తాయో ఆమెకు తెలుసు. నూకాలమ్మ కోడలికి నెలకిందటే షుగరు బయటపడింది. తెలిసే ఊరుకుంది.

"ఎప్పుడు రమ్మంటారాంటీ?" అని అడిగింది ప్రియదర్శిని.

"పెతీ నెలా రా. ఒచ్చి అడుగు. సెప్పాలనిపించిన్నాడు సెప్తాను."

"కలకత్తాలో వాళ్లు ఆగలేమంటున్నారు."

"రెండేళ్లు నాను ఆగినాను. ఆళ్లూ ఆగుతారు."

ఎడమ కంటికి సూదిమందు వేయించుకునే రోజు అది, మూడింటి బస్సు అందుకోవాలి. వచ్చినవాళ్లను చూసుకోమని భర్తకు చెప్పి, నల్లద్దాలు పెట్టుకొని, గౌరి చెయ్యి పట్టుకొని మెట్టు దిగింది. ప్రియదర్శిని దారిచ్చి పక్కకు జరిగింది. తోడు రానా అని అడిగింది. కన్యక గౌరి చెయ్యి వదలకుండా బస్సు స్టాండు వైపు నడిచింది.